కప్పు వంతెనలు: చూచినవి, చిత్రములు తీసినవి
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. "దేనిని గూర్చి చెప్పుదును?" అని నే నడిగితిని. "అమెరికాలో మీ అమ్మాయిగారి ఇంట ఆరు మాసము లుండి వచ్చితిరి కదా! అక్కడి వింతలు చెప్పుడు" అని వారనిరి. ఆకాశము నంటు మేడలును, మహానగరముల వీథులును నేడు మన పిల్లలకు అరచేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి. వాటిని గూర్చి నేను క్రొత్తగా చెప్పదగిన దేమియు లేదు. కావున ఆ దేశపు పల్లెపట్టులలో, వాగుల మీదను ఏరుల మీదను నిలిచియున్న ఒక పాత వస్తువును గూర్చి చెప్పుదును. మెడలో కెమెరా వ్రేలాడదీసికొని, మనుమరాలిని వెంటబెట్టుకొని, మూడు వారములు నేను తిరిగి తిరిగి చూచినవి అవియే. వాటిని కప్పు వంతెన లందురు.

నేను ఉద్యోగ జీవితమంతయు ఓవర్సీయరుగా కాలువల మీద గడపినవాడను. తూములు, లాకులు, వంతెనలు నా కన్నమునీళ్లు పెట్టినవి. అట్టి నాకును మొదటి కప్పు వంతెన కంటబడినప్పుడు అది వంతెన యని తోచలేదు. రోడ్డు మలుపు తిరుగగానే ఎదుట ఒక పాత గాదె యిల్లు అడ్డము వచ్చినట్లున్నది. వెల్లవేయని పలకల గోడలు. రెండువైపులకు వాలిన పైకప్పు. నడుమ పెద్ద వాకిలి. మా అమ్మాయి కారు వేగము తగ్గించి సరాసరి ఆ వాకిలిలోనికి పోనిచ్చెను. లోపల చీకటి. క్రింద పలకలు దడదడమని మ్రోగినవి. ప్రక్క పలకల సందులగుండా నీటి మెరుపు కనబడినప్పుడు గాని మేము ఏటి మీద నున్నామని నాకు తెలియలేదు.

ఆవలి యొడ్డున దిగి, "బాటసారులు వానకు తడియకుండ కాబోలు ఈ కప్పు వేసిరి. ఎంత దయగల జనులు!" అంటిని. ఆ సమయమున అక్కడ ఒక వృద్ధుడు వంతెన ప్రక్క పలక నొకదానిని తీసి క్రొత్త పలక బిగించుచుండెను. వృత్తిచేత వడ్రంగి. నా మాటను మా అమ్మాయి ఇంగ్లీషున చెప్పగా ఆయన నవ్వి, ఈ కప్పు మనుష్యుల కొరకు కాదనియు, వంతెన కొరకే వేసినదనియు చెప్పెను. మనిషి తడిసినచో ఆరును; దూలము తడిసినచో ఆరకుండ కుళ్ళునని ఆయన మాటల సారాంశము. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే మూలము.

ఈ సంగతిని కొంచెము వివరించెదను. చెక్క వంతెనలో మనము నడచు పలకలు ముఖ్యములు కావు. అవి అరిగినప్పుడు మార్చుకొనవచ్చును. వంతెన యొక్క బలమంతయు ఇరుప్రక్కల గోడలవలె నిలిచిన దూలముల కూర్పులో నుండును. దీనిని ఇంజనీర్లు ట్రస్సు అందురు. పిల్లలకు తెలియుటకై ఒక చిన్న పరీక్ష చెప్పుదును. నాలుగు పుల్లలను చదరముగా కట్టి ఒక మూలను త్రోయుడు. అది ప్రక్కకు ఒరగిపోవును. మూల నుండి మూలకు మరియొక పుల్లను ఏటవాలుగా కట్టి మరల త్రోయుడు, అది కదలదు. త్రికోణమునకు గల ఈ బిగువే ట్రస్సునకు ఆధారము. వంతెన నడుమ పడిన బరువును ఈ ఏటవాలు దూలములు ఒకదాని నుండి మరియొకటి అందుకొని, తుదకు రెండు ఒడ్డులనున్న రాతి కట్టడముల మీదికి చేర్చును. దూలములు కలిసికొను ప్రతి అతుకులోను నీరు నిలిచినచో బూజు పట్టును. చెక్కను తిను బూజునకు తేమయే ప్రాణము. పొడిగా నున్న చెక్క శతాబ్దములు నిలుచును. కావుననే ట్రస్సునకు వెలుపల పలకల గోడయు, మీద చెక్క పెంకుల కప్పును వేసిరి.

అమెరికాలో ఈ పద్ధతికి మొదటి ఉదాహరణముగా ఫిలడెల్ఫియా నగరమున షూయిల్‌కిల్ నది మీద 1805లో పూర్తియైన వంతెనను చెప్పుదురు. దానిని కట్టినవాడు తిమోతి పామర్. నిర్మాణ సంఘమునకు అధ్యక్షుడైన రిచర్డ్ పీటర్స్ అను న్యాయమూర్తి దానికి కప్పు వేయుమని పట్టుబట్టెను. పామర్ అందుల కంగీకరించి, కప్పు లేని వంతెన 10, 12 ఏండ్లకు మించి నిలువదనియు, కప్పినది 30, 40 ఏండ్లు నిలుచుననియు తన అభిప్రాయము తెలిపెను. ఆయన లెక్క మిక్కిలి జాగ్రత్తగా వేసిన లెక్క. నేను చూచిన వంతెనలలో పెక్కింటికి నూరేండ్లు ఎప్పుడో దాటినవి. కొన్ని నూటయేబది దాటి నేటికిని కార్లను మోయుచున్నవి.

పైకప్పుగల వంతెన అమెరికా సొత్తు మాత్రమే యని తలపరాదు. స్విట్జర్లండు దేశమున లూసర్న్ పట్టణపు చాపెల్ వంతెన పదునాలుగవ శతాబ్దము నాటిది. చైనాలో ఫూజియన్, జెజియాంగ్ రాష్ట్రముల కొండపల్లెలలో ఇట్టివి కలవు. అయినను ఉత్తర అమెరికాలో అడవులు విస్తారము, ఏరులు అనేకము, ఇనుము అప్పటికి ప్రియము, వడ్రంగము తెలిసినవారు ఊరూరను ఉండిరి. కావున పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట ఇవి వేలకొలదిగా వెలసినవి. నేడు ఆ దేశమున మిగిలినవి వేయికి లోపే. పెన్సిల్వేనియా రాష్ట్రమున రెండు వందలకు పైగాను, చిన్న రాష్ట్రమైన వెర్మాంటులో నూటికి కొంచెము పైగాను కలవు. అన్నిటిలోను పొడవైనది కెనడా దేశమున న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమునందలి హార్ట్‌లండు వంతెన. దాని పొడవు 1,282 అడుగులు. అది 1901లో తెరువబడెను. దానికి కప్పు పడినది 1922లో.

ఈ వంతెనలను కట్టిన పద్ధతులలో మూడింటిని మాత్రము పేర్కొందును. థియొడోర్ బర్ అనునాతడు దూలముల కూర్పునకు పెద్ద చెక్క కమానును జోడించి 1817లో హక్కుపత్రము పొందెను. పెన్సిల్వేనియాలో ఈ కమాను వంతెనలే అధికము. విలియం హౌ అనునాతడు 1840లో నిలువు కొయ్యలకు మారు ఇనుప కడ్డీలు వాడెను. అటుపిమ్మట క్రమముగా ఇనుమే చెక్కను తరిమివేసినది. ఈ ఇరువురి నడుమ వచ్చినవాడు ఇథియెల్ టౌన్ అను వాస్తుశిల్పి. నన్ను మిక్కిలి ఆకర్షించినది ఈతని పద్ధతి. 1820లో ఆయన పొందిన హక్కుపత్రములోని ఉపాయము మన పల్లెటూరి తడికను పోలినది. ఒకే కొలత గల పలకలను అడ్డముగాను, ఐమూలగాను తడికవలె అల్లి, అవి కలిసికొను ప్రతిచోటను రంధ్రము తొలిచి కొయ్య మేకులు దిగగొట్టుటయే. మహా వృక్షముల నుండి తీసిన దూలములు అక్కరలేదు. సామాన్యపు కోతమిల్లులో దొరకు పలకలు చాలును. గొప్ప శిల్పి అక్కరలేదు; ఊరి వడ్రంగులు చాలుదురు. టౌన్ తన పద్ధతిని వాడుకొనువారి నుండి అడుగునకు ఒక డాలరు చొప్పున తీసికొనువాడు. చెప్పకుండ కట్టినవారు దొరికినచో అడుగునకు రెండు డాలర్లు వసూలు చేయువాడు!

ఇట్టి అల్లిక వంతెనలలో పేరొందిన దొకటి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు కార్నిష్ గ్రామమునకును, వెర్మాంటు రాష్ట్రపు విండ్‌సర్ పట్టణమునకును నడుమ కనెక్టికట్ నది మీద నున్నది. అక్టోబరు మాసమున మేము దానిని చూడబోయితిమి. ఇరు ఒడ్డుల చెట్లన్నియు పండుటాకులతో ఎఱ్ఱగాను, పసుపుపచ్చగాను ఉన్నవి. నది మీద ఉదయపు మంచు తెరలు తెరలుగా లేచుచున్నది. ఆ మంచులో బూడిదవన్నెతో పొడవుగా వంతెన కనబడినది. పొడవు సుమారు 449 అడుగులు, రెండే ఖానాలు, నది నడుమ ఒకే రాతి స్తంభము. అంతకుముందు అదే చోట కట్టిన మూడు వంతెనలను వరదలు తీసికొనిపోయినవి. నేడున్నది నాలుగవది. దీనిని 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అనువారు 9,000 డాలర్లకు కట్టి యిచ్చిరి. ఆ జేమ్స్ టాస్కరునకు చదువను వ్రాయను రాదని చెప్పుకొందురు. గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పుట కొంచెము సాహసమే! అయినను ఆయన చేతి వ్రాలు వలె ఆ వంతెన నిలిచి యున్నది.

దాని వాకిలి మీద పాతకాలపు పలక యొకటి కలదు. గుఱ్ఱములను నడిపించుకొని పొండు, లేనిచో రెండు డాలర్లు జరిమానా చెల్లింపుడు అని దాని భావము. గుఱ్ఱములు ఒకే లయతో దౌడు తీసినచో ఆ అదురు వంతెన యంతయు ప్రాకి అతుకులను వదులు చేయును. ఆ కాలపువారికి ఈ సూక్ష్మము అనుభవముచేత తెలిసినది. 1943 వరకు ఈ వంతెన మీద సుంకము వసూలు చేసిరి. 1987లో బలహీనపడినదని మూసివేసి, మరమ్మతు చేసి 1989లో మరల తెరచిరి. నేను నిలుచుండగానే దాని మీద కార్లు వరుసగా పోవుచుండెను.

ఈ వంతెనలను గూర్చి అక్కడి పెద్దలు చెప్పు ముచ్చటలు వినసొంపుగా నుండును. వెనుకటి రోజులలో చలికాలమున చక్రపు బండ్లకు బదులు మంచు మీద జారు బండ్లు వాడెడివారు. వంతెన లోపల కప్పు ఉండుటచేత మంచు పడదు. పలకల మీద బండి జారదు. కావున కూలి యిచ్చి మనుష్యులను పెట్టి, వెలుపలి మంచును పారలతో ఎత్తి వంతెన లోపల పరపించెడివారట! వంతెన వాకిలి ఎంత యెత్తు, ఎంత వెడల్పు ఉండవలెనన్న ప్రశ్నకు, నిండుగా ఎండుగడ్డి వేసిన బండి దూరవలెనని చెప్పెడివారట. మన ఊరిలో వరిగడ్డి బండ్లు చూచినవారికి ఈ కొలబద్ద చక్కగా బోధపడును. లోపలి గోడలకు సర్కసు ప్రకటనలు, మందుల ప్రకటనలు అంటించెడివారు. వాన వచ్చినప్పుడు బాటసారులు అందులో ఆగి ఊసులాడుకొనెడివారు. కప్పు వంతెన కొరకే వేసినను, మనుష్యులును దాని నీడను అనుభవించిరి.

ఇక ఛాయాచిత్రముల సంగతి. ఈ వంతెనలను చూచుట కంటె చిత్రించుట కష్టము. లోపల నిలిచి ఆవలి వాకిలి వైపు కెమెరా త్రిప్పినచో, లోపల చీకటి, వెలుపల వెలుతురు. వెలుతురునకు తగినట్లు అమర్చినచో దూలములన్నియు మసియైపోవును. దూలములకు తగినట్లు అమర్చినచో వాకిలి వట్టి తెల్లని మచ్చయగును. మబ్బు పట్టిన దినమున ఈ భేదము తగ్గునని నాలుగు దినములు వృథా చేసిన పిమ్మట నేర్చితిని. ముక్కాలి పీట మీద కెమెరా నుంచి, ఎక్కువసేపు వెలుతురు పీల్చుకొననిచ్చినచో తడిక అల్లిక స్పష్టముగా వచ్చును. కాని బండి వచ్చినచో పలకలు అదరి చిత్రము చెదరును. ముందుగా చెవి యొగ్గి బండి చప్పుడు లేదని తెలిసికొనవలెను. ప్రక్కనుండి వంతెన పూర్తి పొడవు చిత్రించుటకు ఏటి గట్టు దిగవలెను. ఆ గట్టు ఎవరి పొలములోనిదో తెలిసికొని వారి సెలవు పుచ్చుకొనవలెను. ఆకులు రాలకముందు చిత్రము అందముగా నుండును. ఆకులు రాలిన పిమ్మట వంతెన కనబడును.

నేను మొదటి వారమున తీసినవన్నియు అందమైన చిత్రములే. వాకిలి, ఎఱ్ఱని చెట్లు, నీటిలో నీడ. వాటిని తీసికొనిపోయి మొదట చెప్పిన వడ్రంగికి చూపితిని. ఆయన ఓపికగా అన్నియు చూచి, బాగున్నవనెను. పిమ్మట నన్ను చేయి పట్టుకొని వంతెన చివర క్రిందికి దింపి, దూలముల చివరలు రాతి కట్టడము మీద ఆనుకొనిన చోటు చూపెను. చీకటి, సాలెగూళ్లు, బండ్ల చక్రముల నుండి రాలిన మట్టి పేరుకొని యున్నది. ఆ మట్టి తేమను పట్టి యుంచును. దూలము అక్కడే మొదట కుళ్ళును. అందరును వాకిలిని చిత్రింతురు గాని, వంతెన చచ్చుచోటును ఎవరును చిత్రింపరని ఆయన చెప్పెను. నేను సిగ్గుపడితిని. నలుబది యేండ్లు కట్టడముల మరమ్మతు చేసిన నేను, చేతికి కెమెరా రాగానే ఆ జ్ఞానమంతయు మరచితిని. మరునాటినుండి ప్రతి వంతెనకును వాకిలి చిత్రమొకటి తీసి, పిమ్మట అతుకులు, మేకులు, దూలముల చివరలు, కప్పు లోపలి వాసములు చిత్రించితిని. ప్రతి చిత్రములోను ఒక అడుగుబద్దను పెట్టి తీసితిని. కొలత తెలియని చిత్రము వడ్రంగికి పనికిరాదు.

ఇట్లుండగా ఒక సాయంకాలము, పదకొండేండ్ల నా మనుమరాలు ఆ అడుగుబద్దను పట్టుకొని నిలిచి నన్నొక ప్రశ్న అడిగెను. "తాతయ్యా! మీరు చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు కర్ర వంతెన దాటేవాళ్ళమని చెప్తారు కదా, దాని ఫోటో చూపించండి."

నేను మాటాడలేకపోతిని. ఈ సభలోని పెద్దలలో కొందరికి ఆ వంతెన జ్ఞప్తియందుండును. మన ఊరి కాలువ మీద, ఇప్పటి సిమెంటు వంతెన ఉన్నచోట, టేకు దూలముల కర్ర వంతెన యుండెడిది. దానికి కప్పు లేదు; ఉండవలసినదని ఇప్పుడు తెలిసినది. దాని మీద మేము పుస్తకముల సంచులతో పరుగెత్తెడివారము. దాని చేపట్టు కొయ్య అరచేతుల ఒరిపిడికి అద్దమువలె నునుపెక్కియుండెడిది. దానిని 1978లో కూలగొట్టించినవాడను నేనే. ఆ పని నాకు అప్పగింపబడినది. వంతెన పాతదైనది, దూలములు పుచ్చినవి, ఊరికి బస్సు రావలెను. క్రొత్తది కట్టుట న్యాయమే; అందులకు నే నిప్పుడును చింతింపను. నా చింత వేరు. కూలగొట్టుటకు ముందు నేను దాని ఖానాల కొలతలు వ్రాయలేదు. దూలములు ఏ విధముగా అతికిరో గీయలేదు. ఒక్క చిత్రమైనను తీయింపలేదు. ఆ వంతెనను గూర్చి నేను వ్రాసిన వ్రాత యొక్కటే: ఇన్ని ఘనపు టడుగుల పాత కలప, ఇంత ధరకు పాట పాడబడినది. ఆ అంకెలు తప్ప దాని గుర్తు లోకమున ఏదియు మిగులలేదు. ఆ రాత్రి మనుమరాలి కొరకు కాగితము మీద గీయ ప్రయత్నించితిని. క్రింద ఏటవాలు కొయ్యలు రెండా, నాలుగా? జ్ఞప్తికి రాలేదు. నిత్యము దాటిన వంతెన! నా చేతులతో విప్పించిన వంతెన!

సోదరులారా! జ్ఞాపకము కప్పులేని దూలము వంటిది. దానికిని ఏదో యొక కప్పు కావలెను. ఆ దేశమువారు ఈ విషయమున చేసిన పని ఇప్పుడు చెప్పుదును.

వారును పోగొట్టుకొనిరి. 1927 నవంబరులో వచ్చిన వరదలో ఒక్క వెర్మాంటు రాష్ట్రమందే అన్ని రకములును కలిపి 1,200కు పైబడి వంతెనలు కొట్టుకొనిపోయినవి. వాటిలో కప్పు వంతెనలును పెక్కు కలవు. అయోవా రాష్ట్రమున మాడిసన్ కౌంటీ వంతెనలు, వాటిని చిత్రింపవచ్చిన ఫోటోగ్రాఫరు కథగా రాబర్ట్ జేమ్స్ వాలర్ 1992లో వ్రాసిన నవలచేతను, 1995లో వచ్చిన చలనచిత్రముచేతను లోకమంతట ప్రసిద్ధికెక్కినవి. అట్టి కీర్తి వాటిని కాపాడలేదు. వాటిలోని సీడర్ వంతెనను 2002లో ఒకమారు, మరల కట్టిన పిమ్మట 2017లో ఇంకొకమారు తగులబెట్టిరి. న్యూయార్క్ రాష్ట్రమున నార్త్ బ్లెన్‌హైమ్ గ్రామమువద్ద 1855లో నికొలస్ పవర్స్ అను శిల్పి కట్టిన వంతెనకు నడుమ ఆధారము లేని ఖానా 210 అడుగులు. ఆధారపు కొయ్యలు తీయునాడు పవర్స్ తానే వంతెన మీద కూర్చుండి, ఇది కూలినచో నేనును దీనితో కూలుదుననెనని కథగా చెప్పుకొందురు. వంతెన కూలలేదు. నూటయేబదియారేండ్లు నిలిచి, 2011 ఆగస్టు 28వ తేదీన ఐరీన్ తుపాను వరదలో కొట్టుకొనిపోయినది. అదే దినమున వెర్మాంటులో 1870 నాటి బార్టన్స్‌విల్ వంతెన కూడ ఏటిలో కూలినది. అది కూలుట కన్నులార చూచిన గ్రామస్థులు ఆత్మబంధువును పోగొట్టుకొన్నట్లు దుఃఖించిరి.

కాని వారు అంతటితో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బార్టన్స్‌విల్ వంతెన మరల తడిక అల్లికతోడనే కట్టబడి 2013 జనవరిలో తెరువబడెను. బ్లెన్‌హైమ్ వంతెన 2017, 2018 సంవత్సరములలో మరల లేచినది. ఇది యెట్లు సాధ్యమైనది? ధనము కావలెను, నిజమే. ధనముతో పాటు పాత వంతెన ఎట్లుండెడిదో తెలియవలెను. అందుకు వలసిన చిత్రములు, కొలతలు ముందే భద్రమైయుండెను.

దీని వెనుక నొక చరిత్ర కలదు. 1933లో ఆర్థిక మాంద్యపు రోజులలో, పని లేక యున్న వాస్తుశిల్పులకు పని కల్పించుటకై అమెరికా ప్రభుత్వము దేశములోని చారిత్రక కట్టడములను కొలిచి, గీసి, చిత్రించు ఒక సర్వే ప్రారంభించినది. 1969లో ఇంజనీరింగు కట్టడములకు అట్టిదే మరియొకటి ఏర్పడినది. 1998లో కప్పు వంతెనల సంరక్షణకై ప్రత్యేకముగా చట్టము మూలమున నిధి ఏర్పరచిరి. 2002 నుండి కప్పు వంతెనలను ఒక్కొక్కదానినే ఎంచి, పెద్ద నెగటివుల మీద నలుపు తెలుపు చిత్రములు తీసి, దూలము దూలమునకు కొలతలతో పటములు వ్రాసిరి. వీనినన్నిటిని ఎక్కడ భద్రపరచిరో ఊహింపగలరా? మ్యూజియములో కాదు, ఇంజనీర్ల ఆఫీసులో కాదు. వాషింగ్టను నగరమున లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అను జాతీయ గ్రంథాలయములో! నేడు ఎవరైనను, రుసుము లేకుండ, తమ ఇంట కూర్చుండియే వాటిని చూడవచ్చును.

అధికారులు మాత్రమే ఈ పని చేసిరని కాదు. ఈ వంతెనల పరిరక్షణకై 1950లో ఒక జాతీయ సంఘమును ప్రజలే స్థాపించుకొనిరి. అక్కడి అభిమానులు ప్రతి వంతెనకును ఒక సంఖ్య యిచ్చి పట్టిక వ్రాసిరి: మొదట రాష్ట్రపు సంఖ్య, పిమ్మట కౌంటీ సంఖ్య, తుదకు వంతెన సంఖ్య. మన గ్రంథాలయములోని పుస్తకములకు బీరువా, వరుస, పుస్తకము అని సంఖ్య లిచ్చినట్లే. ఒక వంతెన పోయి అదే చోట మరల కట్టినచో, పాత సంఖ్య ప్రక్కన రెండవదని గుర్తు వేయుదురు. క్రొత్తదానిని పాతదని చెప్పి మభ్యపెట్టరు. ఈ నిజాయితీ నాకు మిక్కిలి నచ్చినది.

ఒక్క సంగతిని మాత్రము మరువరాదు. చిత్రము వంతెనను మోయదు. ఎన్ని చిత్రములు తీసినను కప్పు మీద ఊడిన చెక్క పెంకును ఎవరైనను ఎక్కి బిగింపకున్నచో వంతెన కూలును. చిత్రము పోయినదానిని గూర్చి చెప్పును. మరమ్మతు ఉన్నదానిని పోనీయకుండ కాపాడును. రెండును కావలెను. నేను చూచిన పల్లెలలో ఈ రెండవ పని చేయువారికి సన్మానములు లేవు. వడ్రంగి పలక మార్చును. ఇంకొకడు దూలముల చివర పేరుకొనిన మట్టిని ఊడ్చును. వారి పేర్లు ఏ పలక మీదను లేవు. వంతెన నిలిచి యుండుటయే వారి వ్రాత.

మన గ్రంథాలయము సంగతి చెప్పి ముగింతును. ఈ ఇరువదియైదు సంవత్సరములలో మొదటి తొమ్మిదేండ్లు ఇది పెంకుటింట నుండెను. ప్రతి వైశాఖమునందును, వానలకు ముందు, ఒక వ్యక్తి నిచ్చెన వేసికొని పైకెక్కి, పగిలిన పెంకులు తీసి, మంచివి సర్ది దిగెడివాడు. కూలి అడిగెడివాడు కాడు. ఆయనకు చదువు రాదు. లోపల బీరువాలలో ఏ పుస్తకము లున్నవో ఆయనకు తెలియదు. ఆయన ఇప్పుడు లేడు. ఆ తొమ్మిదేండ్లలో ఒక్క పుస్తకము వానకు తడియలేదు. ఈ సంచికలో దాతల పట్టిక కలదు. ఉపన్యాసకుల పట్టిక కలదు. ఆ పెంకులు సర్దిన చేతులను కూడ మనము స్మరింపవలెనని నా మనవి.

ఇక నా విన్నపము. మన గ్రంథాలయమున ఒక చిత్రసంపుటిని ప్రారంభింపుడు. మీ ఇండ్లలో పాత పెట్టెలలో, గోడల మీద, మన ఊరిని చూపు చిత్రములు ఎచ్చటనో ఉండును. పెండ్లి ఫోటోలో వెనుక పాత రచ్చకొట్టము కనబడవచ్చును. బడి పిల్లల గుంపు వెనుక కూలిపోయిన సత్రపు అరుగు కనబడవచ్చును. తెండు, నకలు తీసి మీది మీకు తిరిగి యిత్తురు. ప్రతి చిత్రము వెనుక ఏ యేడు, ఏ చోటు, ఏ వైపునుండి తీసినది అను మూడు మాటలు వ్రాయుడు. యువకులారా! మీ ఫోనులతో మీ ముఖములను తీసికొనుడు, వలదనను. దానితోపాటు లాకును, పాత తూమును, బావి గిలకను, కూలబోవు ప్రతి గోడను ఒక అడుగుబద్ద పెట్టి తీయుడు. పాతది తీసివేసి క్రొత్తది కట్టవలసి వచ్చినప్పుడు కట్టుడు. తీసివేయుటకు ముందు మాత్రము కొలిచి వ్రాయుడు. నేను చేయని పని మీరు చేయుడు.

నా వంతుగా కప్పు వంతెనల చిత్రములు నలుబదియారింటిని, వాటి వివరములతో సహా, నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. నలుబదియేడవ పుట ఖాళీగా ఉంచితిని. అది మన కర్ర వంతెనది. ఎవరి యింటనైనను ఏ చిత్రపు మూలనైనను ఆ చేపట్టు కొయ్య కొంచెమైనను కనబడినచో, దయచేసి నాకు కబురంపుడు. నా మనుమరాలు ఉత్తరము వ్రాసినప్పుడెల్ల అడుగుచున్నది.